స్టీరింగుకి కట్టిన పోలమ్మ తాడు

1927లో నేను నౌపడ రైలు షెడ్డులో ఫిట్టరుని. బొగ్గు ఇంజన్ల గొట్టాలు, బ్రేకులు, ఇరుసులు నా పని. గాలి తిరిగితే ఉప్పుమళ్ళ వాసన షెడ్డులోకి వచ్చేంత దగ్గర్లో సముద్రం ఉన్నా, పడవలతో నాకు ఏ సంబంధమూ లేదు. ఇనుము నేలమీద ఉండాలి, నీళ్ళలోకి దిగకూడదు అనేది అప్పట్లో నా అభిప్రాయం. ఇప్పటికీ పెద్దగా మారలేదు.

ఆ వేసవిలో టెక్కలి దగ్గర భూములున్న ఒక నాయుడుగారికి రైల్లో పొడుగాటి చెక్కపెట్టె వచ్చింది. తెరవడానికి నన్ను పిలిపించారు. లోపల గడ్డి మధ్య ఒక మోటారు పడుకుని ఉంది. పైన గుండ్రటి ఇంజను, దాని కింద నిలువుగా ఒక గొట్టం, గొట్టం చివర మూడు రెక్కల ప్రొపెల్లరు. మధ్యలో పడవ అంచుని కరిచి పట్టుకోవడానికి రెండు బిగింపు మరలున్న బ్రాకెట్టు. పడవ లోపల కాకుండా బయట వేలాడే ఇంజను కాబట్టి దీన్ని ఔట్‌బోర్డు అంటారు.

"రైలింజను బాగుసేసేవోడివి, ఈ బుల్లి ఇంజను నీకో లెక్కేటి మేస్త్రీ?" అన్నారు నాయుడుగారు. 

ఆయనకి దాని అవసరం నిజంగానే ఉంది. కొబ్బరితోటలు ఉద్దానం ఒడ్డున ఉన్నాయి. వానలు పడితే బళ్ళు దిగబడి దారులు మూసుకుపోతాయి. సముద్రం మీదుగా వెళ్ళి కాయలు తెచ్చి, భావనపాడు దగ్గర మొగలోంచి లోపలికి వచ్చేస్తే నౌపడ స్టేషను దగ్గరే. మొగ అంటే ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ అడుగున ఇసుక మేట ఉంటుంది, దానిమీద కెరటాలు విరుగుతుంటాయి. ఆ ఒడ్డున పడవ నడిపేవాడి తెలివంతా ఆ కాస్త దూరంలోనే తేలిపోతుంది.

పడవ నడపడానికి మొగ పక్క జాలరిపేట నుంచి గురయ్యని కుదిర్చారు. ముప్పై దాటని మనిషి, మాట తక్కువ. ఆ ఒడ్డు పడవలకి వెనక భాగం కూడా ముక్కులా సూదిగా ఉంటుంది. ఇంజను తగిలించడానికి చోటుండదు. వడ్రంగి చేత వెనక కోయించి, అడ్డంగా మందపాటి బల్ల వేయించాం. ఆ బల్లని ట్రాన్సమ్ అంటారు.

ఇక స్టీరింగు. ఔట్‌బోర్డుకి వేరే చుక్కాని ఉండదు. ఇంజను మొత్తం బ్రాకెట్టులో అటూ ఇటూ తిరుగుతుంది, ప్రొపెల్లరు ఎటు తోస్తే పడవ దాన్నిబట్టి మళ్ళుతుంది. తిప్పడానికి ఇంజనుకి ముందువైపు ఒక కడ్డీ ఉంటుంది, అది టిల్లరు. టిల్లరు ఎడమకి తోస్తే పడవ ముక్కు కుడికి పోతుంది, కుడికి తోస్తే ఎడమకి. పట్నం వాళ్ళకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. గురయ్యకి చెప్పబోయాను. వాడు అప్పటికే పట్టుకుని చూశాడు.

"ఇది మా తెడ్డు లాగే ఉంది మేస్త్రీ. పిడి ఇటు తోత్తే ముక్కు అటు ఎల్తాది. అంతే కదేటి?" 

అంతే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ నాయుడుగారికి కారుంది.

"కార్లో ఎలగ కూకుంటానో పడవలోనూ అలగే కూకోవాల. ముందు సీటు, ఎదురుగా సక్రం. తోక పట్టుకుని ఎనకాల కూకోడానికి ఇదేటి, దున్నపోతా?" అన్నారు.

ఎవరి పిచ్చి వారికి ఆనందం. పడవ ముందుభాగంలో చక్రం బిగించాను. చక్రం ఇరుసు మీద ఒక చెక్క డ్రమ్ము, డ్రమ్ము చుట్టూ ఉక్కుతీగ తాడు. తాడు రెండు కొసలూ పడవ రెండు అంచుల వెంబడి వెనక్కి వెళ్ళి, మూలల్లో పుల్లీల మీదుగా తిరిగి టిల్లరు కొసకి రెండువైపులా ముడిపడతాయి. చక్రం కుడికి తిప్పితే తాడు టిల్లరుని ఎడమకి లాగుతుంది, పడవ కుడికి పోతుంది. వేగం పెంచే మీట మాత్రం ఇంజను దగ్గరే ఉంది. దాన్ని ఒకసారి సర్ది, ముందుకు వచ్చి చక్రం ముందు కూర్చోవాలి.

రెండోది ట్రిమ్. ఇంజను కాలు నీళ్ళలో ఎంత వాలుగా ఉండాలన్నది. బ్రాకెట్టులో వరసగా నాలుగు కంతలు, అందులో ఒక పిన్ను. పిన్ను లోపలి కంతలో పెడితే ప్రొపెల్లరు పడవకి దగ్గరగా జరుగుతుంది, ముక్కు నీళ్ళలోకి అణుగుతుంది. బయటి కంతలో పెడితే ముక్కు పైకి లేస్తుంది. మరీ అణిగితే వెనక నుంచి వచ్చే కెరటం పడవని పక్కకి తిప్పేస్తుంది. మరీ లేస్తే ఎదురుకెరటం మీద పడవ గెంతుతుంది. తెప్ప మీద అయితే మనుషులే ముందుకీ వెనక్కీ జరిగి ఇదే పని చేస్తారు. కాయల బరువుతో నడిపి చూసి పిన్ను రెండో కంతలో పెట్టాం, పడవ చదునుగా పోయింది.

నా పని అయిపోయింది. షెడ్డుకి వచ్చేశాను.

వానలు మొదలయ్యాక నాయుడుగారి బండి షెడ్డు ముందు ఆగింది. పడవ మొగలో అడ్డం తిరుగుతోందట. వెళ్ళేటప్పుడు చక్కగా వెళ్తుంది. తిరిగి వచ్చేటప్పుడు, సరిగ్గా కెరటాలు విరిగేచోట, మాట వినదు. మొదటి రెండుసార్లు ఎలాగో బయటపడ్డారు. మూడోసారి పడవ పక్కకి ఒరిగి కాయలన్నీ సముద్రం పాలయ్యాయి. నాయుడుగారి గుమస్తా కూడా నీళ్ళలో పడ్డాడు. అతన్ని జుట్టు పట్టి పైకి లాగింది గురయ్యే.

అసలు కష్టం నాయుడుగారిది కాదు, గురయ్యది. ఆ పేటలో అందరూ కలిసి ఒడ్డునుంచి పెద్దవల లాగుతారు. పడ్డ చేపల్లో ప్రతి ఇంటికీ వాటా. వాటా ఉన్నవాడే పేటలో మనిషి. గంగమ్మ పడవని పోనిస్తోంది, ఇంటికి రానివ్వడం లేదు, ఆ ఇంజను మీద కూర్చున్నవాడు మన వల పట్టుకుంటే వలకీ అదే గతి పడుతుందని పెద్దలు గుసగుసలాడారు. చివరికి ఒక మాట అనుకున్నారు. ఇంకొక్కసారి అలా జరిగితే గురయ్యకి వలలో వాటా ఉండదు.

నేను వెళ్ళి పడవని ఒడ్డున పెట్టించి అంతా చూశాను. ఇంజను బాగుంది. బ్రాకెట్టు కదలడం లేదు. పిన్ను నేను పెట్టిన కంతలోనే ఉంది. మారింది ఒక్కటే, తాడు. ఉప్పునీటికి నా ఉక్కుతీగ తుప్పుపట్టి, పోగులు తెగి చేతికి గుచ్చుకుంటుంటే, గురయ్య తీసేసి కొబ్బరితాడు కట్టాడు. చక్కటి తాడు, చిటికెన వేలంత లావు, ఎక్కడా ముడిగానీ ఎగుడుదిగుడుగానీ లేదు. కొబ్బరిపీచు ఉప్పునీళ్ళలో కుళ్ళదని చంటిపిల్లలకి కూడా తెలుసు. పట్టుకుని లాగి చూశాను. నా తీగకంటే బిగువుగా ఉంది. మంచి పనే చేశావన్నాను.

ఏట్లో నాలుగు చుట్లు తిప్పాం. చక్రం ఎటు తిప్పితే పడవ అటు. నాయుడుగారు గట్టున గొడుగు కింద నిలబడి చూస్తున్నారు.

"ఇంజను బాగుంది, సక్రం బాగుంది. మరింక సెడ్డదేటి? మనిషే. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. ఆడు తాగి పడవెక్కుతున్నాడు, నువ్వే సూడు" అన్నారు. గురయ్యకి వినపడేలాగే అన్నారు.

ఆయన వెళ్ళిపోయాక గురయ్య నాతో అన్నాడు. "మా అయ్య తాగి తెప్పెక్కినాడు మేస్త్రీ. తెప్ప ఒడ్డుకొచ్చినాది, ఆయన రానేదు. అమ్మ తలమీద సెయ్యేసి ఒట్టేసుకున్నాను. కల్లు ముట్టను."

వాడి మాట నమ్మాను. నమ్మినంత మాత్రాన పడవ బాగుపడదు. వెళ్ళేటప్పుడు వినే పడవ వచ్చేటప్పుడు ఎందుకు వినదు? వచ్చేటప్పుడు కెరటం వెనక నుంచి వస్తుంది కదా, ముక్కు అణుగుతోందేమో అనుకుని పిన్ను ఒక కంత బయటికి జరిపాను. ముక్కు లేచింది. అది సరిపోతుందో లేదో సముద్రం మీదే తెలియాలి. ఈత రానివాడికి ఆ మాట పైకి అనడం ఎంత కష్టమో ఈత వచ్చినవాళ్ళకి తెలియదు.

మర్నాడు తెల్లారి ఇద్దరం బయల్దేరాం. మొగ దాటేటప్పుడు పడవ కుక్కపిల్లలా చెప్పినట్టు విన్నది. తోటల ఒడ్డుకి ఎదురుగా, కెరటాలు విరిగే చోటికి అవతల లంగరు వేశాం. అక్కడ కాయల్ని వలలో కట్టి నీళ్ళమీద తేల్చి పడవ దాకా ఈదుకొస్తారు. కారుతున్న వలల్నే ఎత్తి పడవలో గుమ్మరిస్తారు. గురయ్య అంబలి తాగాడు. కాయలు నిండాక తిరుగుముఖం పట్టాం. అప్పటికి పడవలో తడవని వస్తువు లేదు, నాతో సహా.

మొగ దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి కెరటం లేస్తోంది. ఇలాంటి చోట తటపటాయించకూడదు, వేగంగా దూసుకుపోవాలి. గురయ్య వెనక్కి వెళ్ళి వేగం మీట పూర్తిగా తిప్పి చక్రం ముందుకి వచ్చాడు. పడవ ముక్కు ఎడమకి జరగడం మొదలుపెట్టింది. వాడు చక్రం కుడికి తిప్పాడు. ముక్కు ఇంకా ఎడమకే పోతోంది. ఇంకా తిప్పాడు.

"సూడు మేస్త్రీ! సక్రం తిరుగుతంది, పడవ తిరగనేదు!" అని అరిచాడు.

వెనక్కి చూశాను. చక్రం అంత తిరిగినా టిల్లరు కదల్లేదు. ఇంజను పూర్తి వేగంతో తిరిగేటప్పుడు ప్రొపెల్లరు దాన్ని ఒక పక్కకి లాగుతుంటుంది. దాన్ని తాడు ఆపి ఉంచాలి. ఆపాల్సిన తాడు ఒక అంచున సన్నబడి సాగిపోయింది, రెండో అంచున బట్టలారేసే తాడులా వేలాడుతోంది. నేను కాయల మీద పాకుతూ వెళ్ళి రెండు చేతులా టిల్లరు పట్టుకుని ఒంటి బరువంతా వేసి ఎడమకి తోశాను. ముక్కు కుడికి మళ్ళింది. కెరటం మా వెనకే విరిగి పడవని ఎత్తి ఏట్లోకి నెట్టింది. భయం వేసింది. దాచుకోవడానికి ఏముంది, చాలా భయం వేసింది.

నీళ్ళు నిదానించాక తాడు పట్టుకుని చూశాను. పొద్దున కర్రలా ఉన్న తాడు ఇప్పుడు మెత్తగా ఉంది, లాగితే వస్తోంది, వదిలితే వెనక్కి పోతోంది. వెళ్ళేటప్పుడు పొడి, వచ్చేటప్పుడు తడి. ఇంతే సంగతి. గంగమ్మ దోషమూ లేదు, కల్లు దోషమూ లేదు. నేను తాడు పట్టుకోవడం గురయ్య చూశాడు. వాడికీ అర్థమైంది. కానీ సంతోషించాల్సినవాడి మొహం నల్లబడింది.

"అది అమ్మ పేనినాది" అన్నాడు.

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది, అది నాకు అప్పుడు తెలియదు. సముద్రంలోకి దిగే ప్రతి పడవకీ నడిపేవాడి ఇంట్లో పేనిన తాడు ఒకటి ఉండాలి. ఇంటితాడు అంటారు. ఇంట్లో పేనిన తాడు మనిషిని ఇంటికి లాగుతుందని నమ్మకం. గురయ్య తల్లి పోలమ్మ ఆ ఒడ్డున తాళ్ళకి పేరు పడ్డ మనిషి. ఏట్లో పీచు నానబెట్టి, కొట్టి, అరచేతుల మధ్య పేనేది. కొడుకు ఎక్కే పడవ కాబట్టి అన్నిటికంటే మంచి తాడు పేని ఇచ్చింది. దాన్ని గురయ్య పడవలో అన్నిటికంటే ముఖ్యమైన చోట కట్టాడు.

ఒడ్డున పేట పేటంతా ఉంది. నాయుడుగారు ఉన్నారు. పేట పెద్ద ముందుకు వచ్చి, "ఏటి మేస్త్రీ, ఏటి తేలింది?" అన్నాడు. ఆయన పక్కనే పోలమ్మ, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని కొడుకు వైపు చూస్తోంది.

చెప్పకపోతే కొడుకు వాటా పోతుంది. చెబితే తల్లి పేరు పోతుంది. యంత్రాల పనిలో ఇలాంటి చిక్కు ఉండదు. విరిగిన పళ్ళచక్రానికి అమ్మ ఉండదు.

"తాడుది లోపం" అన్నాను.

"తాడు తెగిందేటి నాయనా?" అంది పోలమ్మ.

"తెగలేదమ్మా. సాగింది."

ఆవిడ నా మీదికి వచ్చినంత పని చేసింది. "నా తాడుమీద నింద ఏత్తన్నావా? ఈ పేటలో ఏ లంగరు ఎత్తి సూడు, నాను పేనిన తాడే. గాలివానలో పడవల్ని పట్టుకున్న తాడు. ఆ బుల్లి సక్రానికి సాలకపోనాదా?"

నేను జవాబు చెప్పేలోపు గురయ్య పడవ దిగి వచ్చాడు. అందరికీ వినపడేలా అన్నాడు. "అమ్మ తాడుకేటీ నేదు. తప్పు నాది. నాను తాగి ఎక్కినాను."

"సెప్పానా!" అన్నారు నాయుడుగారు.

నాకు ఒళ్ళు మండింది. తెల్లారినప్పటి నుంచి వాడి పక్కనే ఉన్నాను, అంబలి తప్ప వాడి గొంతులోకి ఇంకేమీ దిగలేదు. ఆ మాటే అనబోయాను. కానీ పోలమ్మ మొహం చూసి ఆగాను. కోపం పోయింది అందులోంచి. ఆవిడ మొగుణ్ణి సముద్రం నుంచి తిరిగిరానివ్వనిది ఆ తాగుడే. కొడుకు ఆ నిందని తనకోసం నెత్తిన వేసుకున్నాడని ఆవిడకి తెలిసిపోయింది.

ఆవిడ నీళ్ళలోకి నడిచి, పడవలోంచి తాడు విప్పుకుంది. ఒక కొస పడవ ముక్కుకి కట్టింది, రెండో కొస తీసుకెళ్ళి పేట పెద్ద చేతిలో పెట్టింది.

"లాగు మావా" అంది.

ఆయన లాగాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, తాడు వచ్చింది. ఇంకో అడుగు వేశాడు, ఇంకా వచ్చింది. ఇసుకలో కూరుకున్న పడవ మాత్రం కదల్లేదు. పట్టు సడలించగానే తాడు ఆయన్ని ముందుకి లాక్కుంది.

"సూసినారా? నా తాడు సాగుతాది. సాగబట్టే లంగరుకి కడతారు. కెరటం గుంజితే పడవకి దెబ్బ తగలకండా ఆ సాగుడే కాత్తాది. సక్రానికి కట్టమని నాను సెప్పినానేటి?" ఆవిడ అందరివైపూ తిరిగింది. "నా తాడు సాగింది. నా కొడుకు తాగనేదు. రెండూ ఇనుకోండి."

పేట పెద్ద తాడు చుట్టచుట్టి ఆవిడ చేతికి ఇచ్చి, "రేపు వల దగ్గరికి పెందలాడే రారా" అన్నాడు గురయ్యతో. నాయుడుగారు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. పోలమ్మ కొడుకు దగ్గరికి వెళ్ళి వీపు మీద ఒక్కటి చరిచింది. "నా తలమీద ఒట్టు పెట్టి, నన్నే సంపేత్తావేట్రా" అంది. వాడు తల వంచుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

మిగిలింది చిన్న పనే. చక్రానికి మళ్ళీ ఉక్కుతీగ కట్టి, గ్రీజు పట్టించి, తుప్పు కనిపిస్తే ఆగకుండా మార్చమన్నాను. పిన్ను మళ్ళీ రెండో కంతలోకి వెళ్ళింది. పోలమ్మ తాడు లంగరుకి ఎక్కింది, కాబట్టి ఇంటితాడు పడవలోనే ఉంది, పద్ధతీ తప్పలేదు. ఆ పడవ మళ్ళీ అడ్డం తిరిగిందని నేను వినలేదు.

ఆ తరవాత నా పనిలో ఒక అలవాటు వచ్చింది. ఏదైనా బాగుచేసి అప్పగించే ముందు, అది ఎక్కడ పనిచేస్తుందో అక్కడి కష్టం దానికి ముందే చూపించేవాణ్ణి. తడిలో పనిచేసేది తడిపి, వేడిలో పనిచేసేది కాల్చి, బరువు మోసేది బరువు పెట్టి. షెడ్డులో నన్ను నీళ్ళ మేస్త్రీ అని వెక్కిరించేవారు. ఇది మంచి సామానా కాదా అని ఎవరైనా అడిగితే, ఏ పనికి అని తిరిగి అడగడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.

నేను బయల్దేరేటప్పుడు పోలమ్మ నాకు ఒక తాడుచుట్ట ఇచ్చింది. "సక్రాలకి కట్టకు" అంది. ఇంటికి తెచ్చి పెరట్లో బట్టలారేయడానికి కట్టాను. వాన పడ్డప్పుడల్లా అది సాగి, చీర కుచ్చిళ్ళు బురదలో తగులుతాయి. మా ఆవిడ విసుక్కుంటుంది, మంచి తీగ ఒకటి కట్టలేరా అని. నేను కట్టలేదు. పోలమ్మ పోయి చాలా కాలమైంది. తాడు ఇంకా తెగలేదు.